టీకాలు తీసుకెళ్లే క్యారియర్‌లో ఐస్ ప్యాకులు ఎలా పెట్టాలి?

టీకా మందు ఎండకు పాడవుతుందని అందరికీ తెలుసు. చలికి కూడా పాడవుతుందంటే చాలామంది పట్టించుకోరు. హెపటైటిస్ బి, డీపీటీ, పెంటావాలెంట్, ధనుర్వాతం టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. ఇవి ఒక్కసారి గడ్డకట్టాయంటే ఆ లవణం ముద్దకట్టి టీకా బలం పోతుంది. కరిగించినా తిరిగి రాదు. సూది వేయించుకున్న బిడ్డకు రక్షణ వచ్చిందని తల్లి నమ్ముతుంది, ఆ నమ్మకమే వమ్మవుతుంది.

కావలసినవి క్యారియర్, దానికి సరిపడా నాలుగు ఐస్ ప్యాకులు, పొడి నూలు గుడ్డ. ప్యాకుల్లో గీత వరకు మామూలు నీళ్లు పోసి 24 గంటలు ఫ్రీజర్‌లో ఉంచండి. ఉప్పు కలపొద్దు, కలిపితే సున్నా కంటే కిందికి పోతాయి.

ఇక అసలు పని. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ప్యాకు మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. హెపటైటిస్ బి టీకా మైనస్ 0.5 దగ్గరే గడ్డకడుతుంది. ఈ రెండింటినీ ఆనించి పెడితే ఇంకేం మిగులుతుంది? అందుకే ప్యాకులను బల్ల మీద ఒకే వరుసలో, మధ్య 5 సెంటీమీటర్లు వదిలి పరచండి. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు.

మొదట ప్యాకు మీద తెల్లగా మంచు పడుతుంది. కాసేపటికి ఆ తెలుపు పోయి నీటి చుక్కలు జారతాయి. తొందరపడేవాళ్లు ఇక్కడే పెట్టెలో పడేస్తారు. ఆగండి. ఆ చుక్కలు బయటి గాలిలోని తేమ, లోపలి సంగతి వాటికి తెలియదు. ప్యాకును చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల గడ్డ కదిలి ప్లాస్టిక్‌కు తగిలే చప్పుడు, నీళ్లు తొణికే చప్పుడు రెండూ వినిపించాలి. మంచూ నీళ్లూ కలిసి ఉన్నంతసేపు ప్యాకు 0 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. నాలుగింటినీ ఊపాలి, ఒకటి ఊపి మిగతావీ అంతేలే అనుకోకూడదు.

వేడి వాతావరణంలో ఇందుకు 45 నిమిషాల దాకా పడుతుంది, 20 డిగ్రీల చల్లటి వాతావరణంలో 90 నుంచి 120 నిమిషాలు. గడియారం చూసి ప్యాకులు సర్దేవాళ్లతో నాకు ఎప్పుడూ గొడవే. గది గదికీ తేడా ఉంటుంది, చెవినే నమ్మాలి. ఇంకొందరు గడ్డ ప్యాకుకు కాగితం చుట్టి సరిపెడతారు. కాగితం చల్లదనాన్ని కాస్త ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు. ఓసారి అలా సర్దిన పెట్టెలో గోడ వైపున్న సీసాలు గడ్డలై కనిపించాయి. అన్నీ పారేయాల్సి వచ్చింది.

మిగతాది తేలికే. ప్యాకులు తుడిచి గోడల వెంట నిలబెట్టండి, సీసాలను ప్లాస్టిక్ సంచిలో మధ్యలో ఉంచండి, పైన ఫోమ్ పెట్టి మూత బిగించండి. లోపల 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి.

సీసా లేబుల్ మీద వేడికి రంగు మారే చిన్న చతురస్రం ఉంటుంది, దాన్ని చూసి ధైర్యపడొద్దు. అది వేడిని చూపిస్తుంది, గడ్డకట్టడాన్ని చూపించదు. అనుమానముంటే అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలని గడ్డకట్టించి, పూర్తిగా కరిగించి, దాన్నీ అనుమానమున్న సీసానూ పక్కపక్కన పట్టుకుని 10-15 సెకన్లు ఊపి బల్ల మీద కదపకుండా పెట్టండి. అనుమానమున్న సీసాలో మడ్డి, గడ్డకట్టించిన దానిలో పేరుకున్నంత వేగంగానో అంతకంటే ముందో అడుగుకు చేరితే ఆ సీసాను పక్కన పెట్టేయండి, ఎవరికీ వేయొద్దు.