ఎండలు ముదరకముందే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ పవర్ సంగతి చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ట్రాన్స్‌మిటర్ గది తలుపు తీసి చూడటానికి అప్పటిదాకా ఆగొద్దు, మార్చిలోనే పని మొదలుపెట్టండి. ఇది 50 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో నడిచే కమ్యూనిటీ రేడియోల కోసం రాస్తున్నాను. పెద్ద స్టేషన్లకు ఇంజినీర్లుంటారు. ఇక్కడ ప్రోగ్రాం చేసే మనిషే సెట్‌నీ చూసుకోవాలి.

ట్రాన్స్‌మిటర్ గది చాలా చోట్ల మేడ మీద, టవర్ పక్కనే ఉంటుంది. కేబుల్ పొడవు తగ్గుతుంది కాబట్టి అది మంచిదే. కానీ మధ్యాహ్నం స్లాబు వేడంతా ఆ గదిలోకే దిగుతుంది. హీట్ సింక్ (సెట్ వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మ) గది కంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందనుకుందాం. గది 25 ఉంటే అది 55, గది 42 అయితే 72. సిగ్నల్‌ని చివరిగా పెంచే ఫైనల్ స్టేజిలోని మాస్‌ఫెట్ (పవర్ ట్రాన్సిస్టర్) లోపల వేడి ఇంకా ఎక్కువ. అది వేడెక్కేకొద్దీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) తగ్గుతుంది, పవర్ జారుతుంది. ఒక హద్దు దాటితే చాలా సెట్లు తమంతట తామే పవర్ తగ్గించుకుంటాయి, ఆ తర్వాత ట్రిప్ అవుతాయి.

ఉదయం 50 వాట్లు ఉన్నది మూడింటికి 40 అయిందనుకోండి. తేడా 1 డీబీ (డెసిబెల్), అంతే. వినేవాళ్లకు తెలియను కూడా తెలియదు. అయినా దాన్ని వదిలేయొద్దు, సెట్ ఉడుకుతోందని ముందుగా చెప్పేది ఆ అంకే.

ఇక్కడే అందరి చెయ్యీ పవర్ నాబ్ మీదికి పోతుంది. దయచేసి పెంచకండి. పవర్‌ను తనే సరిచూసుకునే ఏఎల్‌సీ లేని సెట్‌లో మధ్యాహ్నం పెంచితే, తెల్లవారుజామున చల్లబడ్డాక అది 50 దాటి పోతుంది. మన లైసెన్సుల్లో సాధారణంగా ఈఆర్‌పీ (యాంటెన్నా నుంచి బయటికి వెళ్లే ప్రభావ పవర్) హద్దు 100 వాట్లు. యాంటెన్నా గెయిన్ కలిపి, కేబుల్ నష్టం తీసేసి లెక్క వేస్తే మీరు ఇప్పటికే ఆ అంచున ఉండొచ్చు. ఏఎల్‌సీ ఉన్న సెట్ అయితే, పవర్ నిలబెట్టడానికి అది ఇప్పటికే డ్రైవ్ (ఫైనల్ స్టేజికి ఇచ్చే సిగ్నల్) పెంచుకుంటూ ఉంటుంది. మీరు ఇంకా పెంచితే పెరిగేది వేడే.

ఏఎల్‌సీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. బయటికి వెళ్లే పవర్‌ను అది ఒక చిన్న డయోడ్ డిటెక్టర్‌తో కొలుస్తుంది. ఆ డయోడ్ వోల్టేజి కూడా డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు మారుతుంది. 30 డిగ్రీలు పెరిగితే 60 మిల్లీవోల్టులు. డిటెక్టర్ 2 వోల్టుల దగ్గర పనిచేస్తుంటే, పవర్‌లో సుమారు 6 శాతం తేడా వస్తుంది. తక్కువ వోల్టేజి దగ్గరైతే ఇంకా ఎక్కువ. డయోడ్ వేడెక్కితే పవర్ పెరిగిందని సెట్ భ్రమపడి తగ్గిస్తుంది, డిస్‌ప్లే మాత్రం 50 అనే చూపిస్తుంది. కాటా రాయే తప్పయితే ఎంత జాగ్రత్తగా తూచి ఏం లాభం? మంచి డిజైన్లలో దీన్ని సరిచేయడానికి అలాంటిదే రెండో డయోడ్ పక్కన పెడతారు. మీ సెట్‌లో ఉందో లేదో తయారీదారుని అడగండి.

అందుకే బయటి పవర్ మీటర్ ఒకటి అరువైనా తెచ్చుకోండి. ప్రసారం లేని వేళ సెట్ ఆపి, యాంటెన్నా తీసి, 100 వాట్ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మార్చుకునే రెసిస్టర్) తగిలించి, అప్పుడే ఆన్ చేయండి. ఆన్‌లో ఉండగా కనెక్టర్ విప్పడం సెట్‌కీ, మీ వేళ్లకీ కూడా ప్రమాదం. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ఇలా కొలవండి. గది వేడి, హీట్ సింక్ వేడి, ఫార్వర్డ్ (బయటికి వెళ్లే పవర్), రిఫ్లెక్టెడ్ (వెనక్కి తిరిగొచ్చే పవర్), పీఏ (ఫైనల్ స్టేజి పవర్ యాంప్లిఫయర్) వోల్టేజి, పీఏ కరెంటు అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. పవర్ తగ్గి కరెంటు పెరుగుతుంటే అనుమానించాల్సింది బయాస్‌ని, అంటే ట్రాన్సిస్టర్‌ని సరైన స్థితిలో ఉంచడానికి ఇచ్చే వోల్టేజిని.

బయాస్‌ని సర్దే థర్మిస్టర్ (వేడిని పసిగట్టే రెసిస్టర్) సాధారణంగా ట్రాన్సిస్టర్ పక్కనే హీట్ సింక్‌కి అంటించి ఉంటుంది. మినపగింజంత ఉండే ఆ ముక్కకు జిగురు ఎండి ఊడితే గాలిలో వేలాడుతుంది. హీట్ సింక్ కాలుతున్నా అది చల్లగానే ఉందనుకుంటుంది, బయాస్ తగ్గించదు. మూత తీసినప్పుడు కళ్లతో చూడండి, కానీ బయాస్ ట్రిమ్మర్ (బయాస్‌ని మార్చే చిన్న స్క్రూ) జోలికి పోకండి, అది తెలిసినవాళ్ల పని. పాత ట్రాన్సిస్టర్ పగిలితే ఆ పొడి ముట్టుకోవద్దు. కొన్నింటి సిరామిక్‌లో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, పీలిస్తే ఊపిరితిత్తులకు విషం.

ఇక దుమ్ము. రబీ వరికోతలప్పుడు హార్వెస్టర్లు లేపే ఊక దుమ్ముకి స్పాంజి ఫిల్టర్ వారంలోనే మూసుకుపోవచ్చు. కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేదంటే విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది. కరకర శబ్దం వచ్చే ఫ్యాన్‌ని ఎండాకాలం దాటిద్దామనుకోకండి, ఇప్పుడే మార్చేయండి. ఏసీ గాలి నేరుగా సెట్ మీద పడకుండా చూడండి, కోస్తా ఉక్కపోతలో తేమ చేరుతుంది. కేబుల్ నష్టం కూడా వేడికి కాస్త పెరుగుతుంది కానీ పట్టించుకునేంత కాదు.

చాలామంది మరిచిపోయేది కరెంటు కోత. యూపీఎస్ మీద ట్రాన్స్‌మిటర్ నడుస్తుంది, ఏసీ నడవదు. మూసిన గది అరగంటలో కుంపటి అవుతుంది. కోత పడగానే పవర్ సగానికి తగ్గించాలని ముందే నిర్ణయించుకోండి. సగం అంటే 3 డీబీ. ఊరి చివర కొందరికి సిగ్నల్ బలహీనపడుతుంది, కానీ ప్రసారం ఆగదు. ఎంతకు తగ్గించాలో, ఏసీ వచ్చాక ఎంతసేపటికి మళ్లీ పెంచాలో రాసి గోడకి అంటించండి. ఆ వేళకి గదిలో ఉండేది మీరు కాకపోవచ్చు.