విదేశాల్లో అద్దె కారు: ముందు కార్డు మీద పేరు చూడండి

వేసవి సెలవుల్లో పిల్లలతో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా కారులో చుట్టొద్దామనుకునే మన వైజాగ్ వాళ్లకి ఒక్క మాట. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ సంగతి అందరూ చెప్తారు: ఫారం 4ఎ, ఫీజు 1000 రూపాయలు, ఏడాది మించి చెల్లదు. దాంతోపాటు మన అసలు లైసెన్సు కూడా పట్టుకెళ్లాలి.

ఎవరూ చెప్పనిది క్రెడిట్ కార్డు గురించి. అద్దె కంపెనీ డిపాజిట్ బ్లాక్ చేసే కార్డు సాధారణంగా నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలి, డెబిట్ కార్డు చాలాచోట్ల ఒప్పుకోరు. లైసెన్సు నాది, కార్డు మా ఆవిడది. పెట్టెలేసుకుని గంటన్నర కౌంటర్ దగ్గరే నిలబడ్డాం.

ఏయే దేశాల్లోకి కారు తీసుకెళ్తారో బుక్ చేసేటప్పుడే రాయించండి, లేకపోతే సరిహద్దు దాటాక ఇన్సూరెన్సు వర్తించకపోవచ్చు. రెండు దేశాల్లోనూ హైవే ఎక్కాలంటే విన్యెట్, అంటే టోల్ కట్టినట్టు గుర్తు, ఉండాలి. స్విట్జర్లాండ్‌లో ఏడాదిదే అమ్ముతారు, 40 ఫ్రాంకులు. స్విస్ కారైతే సాధారణంగా అది ముందే ఉంటుంది. ఆస్ట్రియాలో పది రోజులది దొరుకుతుంది.

అన్నట్టు, అక్కడ ఇండికేటర్ ఎడమ చేతివైపు. భీమిలి రోడ్డు అలవాటుకొద్దీ నేను మలుపు తిరిగినప్పుడల్లా వైపర్లు ఆడాయి.