'ఫ్రై' కనిపించగానే 'ఫ్రీ' అని రాసేయకండి

జర్మన్‌లో 'ఫ్రై' అంటే స్వేచ్ఛ గల, స్వతంత్ర అని అర్థం. ఇంగ్లీషులోకి అనువదించడానికి పాత జర్మన్ దస్తావేజు చేతికొస్తే ముందు అది ఏ కాలానిదో, ఏ ప్రాంతానిదో చూడండి. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ మనిషికి దేన్నుంచి స్వేచ్ఛ? దొర నుంచా, వెట్టి నుంచా, పన్ను నుంచా, గిల్డు అనే వృత్తిదారుల సంఘం నుంచా? ఇది తేలకపోతే డిక్షనరీ ఎంత లావుదైనా లాభం లేదు.

'ఫ్రైహెర్' అనే ప్రభువుల బిరుదు సులువే, ఆధునిక కాలపు కాగితాల్లో బారన్ అనొచ్చు. అయితే జర్మనీలో 1919 వైమార్ రాజ్యాంగం తర్వాత బిరుదులన్నీ ఇంటిపేరులో కలిసిపోయాయి కాబట్టి అప్పటి నుంచి దాన్ని అనువదించకుండా అలాగే ఉంచండి.

అసలు తిప్పలు 'ఫ్రైయర్'తో. పుట్టుకతో స్వతంత్రుడైతే ఫ్రీమన్. దొర విడుదల చేసినవాణ్ని జర్మన్‌లో 'ఫ్రైగెలాసెనర్' అంటారు, వాడు ఫ్రీడ్‌మన్. మధ్యలో ఒక్క 'డ్' జారిపోయిందా, వాడి పుట్టుకే మారిపోతుంది. అదే ఫ్రైయర్ పెళ్లి సంబంధాల ఉత్తరంలో కనిపిస్తే పిల్లనడగడానికి వచ్చినవాడని అర్థం. ఇక బవేరియా, ఆస్ట్రియా కాగితాల్లో 'ఫ్రైమాన్' అని ఉంటే మరీ జాగ్రత్త, అక్కడ ఆ మాటకు తలారి అని కూడా అర్థముంది. వంశవృక్షంలో ఫ్రీమన్ అని గర్వంగా రాసుకున్న ముత్తాత ఉరితీసే ఉద్యోగస్తుడై ఉండొచ్చన్నమాట!

'మినిస్టెరియాలె'లు ఇంకో చిక్కు. గుర్రమెక్కి కత్తి పట్టిన యోధులే, కానీ చట్టం దృష్టిలో స్వతంత్రులు కారు. మినిస్టర్ అని రాస్తే నవ్వుతారు, అన్‌ఫ్రీ నైట్ అంటే విషయం తెలుస్తుంది. దొరకు కట్టుబడి బతికే 'లైబ్‌ఐగెనర్'కి సెర్ఫ్ చాలు, స్లేవ్ వద్దు. యోమన్ (సొంత పొలమున్న ఇంగ్లండు రైతు) లాంటి మాటల జోలికి మాత్రం పోకండి, వాటితో పాటు ఇంగ్లండు పల్లె మొత్తం లోపలికొచ్చేస్తుంది.

ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో 1807 అక్టోబరు శాసనం ప్రకారం 1810 మార్టిన్మస్ పండుగ (నవంబరు 11) నుంచి అందరూ స్వతంత్రులే. కాబట్టి ఆ తర్వాతి ప్రష్యా కాగితంలో 'ఫ్రై' అని ఉంటే వేరే అర్థం వెతకండి. పక్కనే 'లేడిగ్' ఉంటే పెళ్లికానివాడని అర్థం కావచ్చు.

13వ శతాబ్దపు సాక్సెన్‌ష్పీగెల్ చట్టంలోని 'షెఫెన్‌బార్' లాంటివాటికి ఇంగ్లీషు జోడీ లేదు. జర్మన్ మాటనే ఇటాలిక్స్‌లో పెట్టి, కోర్టులో తీర్పరిగా కూర్చునే అర్హత ఉన్న స్వతంత్రుడని మొదటిసారి వచ్చినచోట వివరించి, తర్వాత చివరిదాకా అదే మాట వాడండి.