చెట్టు పడితే ముందు రంపం తియ్యకండి: బెంగళూరు వానలకి ముందు ఇంటి ఇన్సూరెన్స్ జాగ్రత్తలు

మొన్న శనివారం సాయంత్రం పట్టుమని ముప్పావుగంట కురిసిన వానకి మా వెనక వీధిలో రెండు తురాయి చెట్లు పడ్డాయి. ఒకటి ఆపి ఉన్న కారు మీద, ఇంకోటి ఒకళ్ల గేటూ పోర్టికో కలిపి. మనుషులకి ఏమీ కాలేదు, అంతవరకు అదృష్టం. ఆదివారం పొద్దున్నే పాలప్యాకెట్ కోసం అటు వెళ్తే ఆ గేటు ఇంటాయన అప్పటికే ఇద్దరు మనుషుల్ని పెట్టి చెట్టు ముక్కలు కోయించేస్తున్నాడు. సార్, ఇన్సూరెన్స్ ఉందా అన్నా. ఉంది, రేపు తీరిగ్గా ఫోన్ చేస్తా అన్నాడు. ఆ మాట వినే ఇది రాస్తున్నా.

చెట్ల కింద నిలబడకండి, గొడుగు మర్చిపోకండి లాంటివి నేను చెప్పను, మీకు తెలుసు. మా బాబాయి సంగతి చెప్తా.

బాణసవాడిలో సొంతిల్లు ఆయనది. మూడేళ్ల కిందట మే నెలలో వీధి చెట్టు కూలి మేడ మీద పడింది. సోలార్ వాటర్ హీటర్ గాజు గొట్టాలు పొడిపొడి, నీళ్ల ట్యాంకు నిలువునా చీలింది, పిట్టగోడ ఆరడుగులు ఊడి కింద పడింది. కార్పొరేషన్ వాళ్లొచ్చి రోడ్డుకి అడ్డంగా ఉన్న మాను కోసి పక్కకి లాగేసి, పైనున్నది మీరు చూసుకోండి అని వెళ్లిపోయారు. బాబాయికి ఇల్లు చిందరవందరగా ఉంటే అన్నం దిగదు. మర్నాడే కట్టెలవాడిని పిలిచి కొమ్మలన్నీ ఎత్తించేశాడు, సోమవారం మేస్త్రీ పిట్టగోడ కట్టేశాడు, మంగళవారం సున్నం కూడా అయిపోయింది. అప్పుడు పక్కింటాయన గుర్తుచేస్తే ఇన్సూరెన్స్‌కి ఫోన్. గురువారం నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి, మేడ ఎక్కి చుట్టూ చూసి, "మర ఎల్లి సార్?" అన్నాడు. చెట్టేదీ అని. చెట్టు లేదు, గాజు ముక్కల్లేవు, ట్యాంకు పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు, పిట్టగోడేమో కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. ఉన్న సాక్ష్యమల్లా పిన్ని తీసిన ఒకే ఒక్క ఫోటో, మనవడు కొమ్మ మీద కూర్చుని రెండు వేళ్లు చూపిస్తుంటే వెనకాల చీలిన ట్యాంకు సగం కనపడుతోంది. ఆ ట్యాంకుకే డబ్బులొచ్చాయి. 1.7 లక్షలు ఖర్చయితే చేతికొచ్చింది 18 వేలు.

కంపెనీ ముంచేసిందని బాబాయి అంటాడు, నేనైతే అనను. చూపించడానికి ఏమీ లేకపోతే ఆ సర్వేయర్ మాత్రం ఏం రాస్తాడు? ముందు ఫోటో, తర్వాత ఫోన్, ఆ తర్వాతే రంపం. ఇది ఇంకో నాలుగుసార్లు చెప్తా, విసుక్కోకండి.

పాలసీ సంగతి

అసలు మీ దగ్గరున్నది ఇంటి పాలసీయేనా చూసుకోండి. హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకులో ఒక ప్రీమియం కట్టించుకుంటారు కదా, చాలామంది అదే ఇంటి ఇన్సూరెన్స్ అనుకుని ధైర్యంగా ఉంటారు. చాలాసార్లు అది మీ ప్రాణం మీద పాలసీ, మీకేమైనా అయితే లోన్ తీరడానికి. చెట్టు పడితే అందులోంచి రూపాయి రాదు.

ఇళ్లకి 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అని ఒక స్టాండర్డ్ పాలసీ ఉంది. గాలివాన, తుఫాను, వరదతో పాటు బయటి వస్తువేదైనా వచ్చి ఇంటికి తగిలితే అయ్యే నష్టం కూడా ఇస్తుంది, ఆ ఉదాహరణల్లో పడే చెట్లు అని రాసే ఉంది. అందుకని చెట్టు వీధిదా, పక్కింటిదా, మీదా అని వాదించుకోవాల్సిన పన్లేదు, మీ ఇంటికి తగిలిందా లేదా అన్నదే లెక్క. పక్కింటాయన మీదికి గొడవకెళ్లే ముందు మీ పాలసీలో మీరు క్లెయిమ్ పెట్టుకోండి.

రానివి కూడా తెలుసుకోండి. చెట్టు పెరట్లో పడి దేనికీ తగలకపోతే తీయించే ఖర్చు మీదే. తగిలినా సరే, చెత్త ఎత్తించడానికిచ్చేది క్లెయిమ్ మొత్తంలో 2 శాతం వరకే, అంటే 3 లక్షల క్లెయిమ్‌కి 6 వేలు. ఆ డబ్బుకి పెద్ద మాను కోసేవాడు మీ గేటు దాకా కూడా రాడు. మీ కొబ్బరిచెట్టు పక్కవాళ్ల కారు మీద పడితే ఈ పాలసీ ఇవ్వదు, ఆ కారుకి వాళ్ల పాలసీయే దిక్కు.

సమ్ ఇన్షూర్డ్, అంటే ఎంత మొత్తానికి పాలసీ తీసుకుంటున్నారో అది, వేసేటప్పుడు స్థలం విలువ కలపకండి, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. 1,000 చదరపు అడుగుల కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు), అడుగుకి 2,500 అనుకుంటే 25 లక్షలు. ప్రహరీ, గేటు, ట్యాంకు, సోలార్ ప్యానెళ్ల ఖర్చు అడిగి మరీ కలిపించుకోండి, చెట్టు ముందు పడేది వాటి మీదే. సామాన్లకి బిల్డింగ్ మొత్తంలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, దానంతటదే వస్తుంది. అద్దెకుండేవాళ్లు సామాన్లకి మాత్రమే తీసుకోవచ్చు.

వానలకి ముందు

ఈ వారంలోనే మేడ ఎక్కి ఫోన్‌తో ఒక వీడియో తియ్యండి, పిట్టగోడ, ట్యాంకు, సజ్జలు, గోడలు అన్నీ. ఎందుకంటే రేపు చెట్టు పడ్డాక కనిపించే పగులు పాతదే అని సర్వేయర్ అంటే, కాదనడానికి మీ దగ్గర ఇంకేమీ ఉండదు.

వంగిన చెట్టో, పుచ్చిన కొమ్మో ఉంటే నోటిమాటగా కాదు, కార్పొరేషన్‌కి రాసివ్వండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. నగరమంతటికీ ఒకటే కార్పొరేషన్‌గా ఉన్న బీబీఎంపీ పోయి అయిదు కార్పొరేషన్లయ్యాయి కానీ జనం నోట్లో ఇంకా బీబీఎంపీయే, ఫిర్యాదుకి 1533. మన కాంపౌండులో చెట్టే కదా అని సొంతంగా కొట్టించకండి, 1976 చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసర్, అంటే చెట్ల వ్యవహారం చూసే అధికారి, అనుమతి కావాలి. ఫుట్‌పాత్ పని పేరుతో వేళ్లు నరికేసి పైన సిమెంటు పోసిన చెట్లు మీ వీధిలో ఉంటే వాటినే ముందు అనుమానించండి, పచ్చగా కళకళలాడుతూనే పడతాయి అవి.

ఇక పడ్డాక

కరెంటు తీగ తగిలి ఉంటే దగ్గరకే వెళ్లకండి, కరెంటు వాళ్ల 1912కి ఫోన్ చెయ్యండి, మనిషి ఇరుక్కుంటే ఫోటో గీటో తర్వాత, ఇవి రెండే మినహాయింపులు. మిగతా అన్నిటికీ ముందు ఫోటో.

దూరం నుంచి, దగ్గర నుంచి, చెట్టూ ఇల్లూ ఒకే ఫ్రేములో వచ్చేలా తియ్యండి. కారైతే నంబరు ప్లేటూ చెట్టూ కలిపి.

ఒరిజినల్ ఫోటోలు ఫోన్లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే ఫోటో లోపలి తేదీ, టైము వివరాలు పోతాయి.

కార్పొరేషన్ వాళ్లు కోసేస్తున్నారా, కోయనివ్వండి, రోడ్డు ఆపే హక్కు మనకి లేదు, కానీ రంపం పెట్టకముందూ పెడుతున్నప్పుడూ తియ్యండి.

అదే రోజు ఫోన్. రేపు కాదు, ఆఫీసు తెరిచాక కాదు. క్లెయిమ్ నంబరు రాసుకోండి.

వాన నీళ్లు లోపలికొస్తుంటే టార్పాలిన్ కప్పండి, అది తప్పు కాదు, నష్టం పెరక్కుండా చూడాల్సిన బాధ్యత మీదే, బిల్లు దాచండి. కప్పడం వేరు, కట్టేయడం వేరు.

మేస్త్రీని పిలవకండి. కొటేషన్ తీసుకోండి, అంతే.

పగిలిన వస్తువు పారెయ్యకండి. గాజు ముక్కలు గోనెసంచిలో పోసి మూలన పెట్టండి.

కారుకి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చేది) ఒక్కటే ఉంటే చెట్టు పడినందుకు ఏమీ రాదు, ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి ఇచ్చేది) ఉండాలి. చిన్న సొట్టకి క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది, లెక్కేసుకోండి.

నీళ్లు కూడా చేరిన కారు స్టార్ట్ చెయ్యకండి. తాడు కట్టి కొమ్మ లాగకండి.

క్లెయిమ్‌లో పాత పగుళ్లు కలిపి రాయకండి. అసలుది కూడా పోతుంది.

సర్వేయర్ రాలేదని చెట్టు తీయించకండి, మళ్లీ ఫోన్ చెయ్యండి. తప్పదు, తీయించాలి అనిపిస్తే ఆ సంగతి ముందే మెయిల్ పెట్టి, ఫోటోలు జతచేసి, అప్పుడు తీయించండి. ముందు ఫోటో, తర్వాత ఫోన్, ఆ తర్వాతే రంపం.

క్లెయిమ్ కొట్టేస్తే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు. బాబాయి అక్కడిదాకా వెళ్లలేదు, పోనీలేరా అనేశాడు. పిన్ని మాత్రం ఆ కట్టెలవాడి బండి వీధిలో కనపడితే చాలు, ఇప్పటికీ లోపలికొచ్చి చెప్తుంది.