హోలోకాస్ట్ మీద ప్రాజెక్టా? ఊరి పేరుతో మొదలుపెట్టండి

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీ జర్మనీ చేసిన 60 లక్షల మంది యూదుల హత్యాకాండనంతా ఒక్క ఎం.ఏ. ప్రాజెక్టులో పట్టించక్కర్లేదు. ఒక ఊరు, ఒక కుటుంబం, రెండు మూడేళ్ల కాలం చాలు. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో కూర్చుని చేయగలిగిందీ అదే.

ముందు ఆ ఊరికున్న పేర్లన్నీ రాసుకోండి. మనకు బరంపురం, ఒడియా బోర్డు మీద బ్రహ్మపుర, ఇంగ్లీషు కాగితాల్లో బెర్హంపూర్. యూరప్‌లోనూ అంతే: జర్మన్ల లెంబర్గ్, పోలండ్ వాళ్ల ల్వూఫ్, ఇప్పటి ఉక్రెయిన్ ల్వీవ్ ఒకటే ఊరు. ఒక్క పేరుతోనే వెతికితే చాలా రికార్డులు చేజారతాయి.

తర్వాత యాద్ వాషెమ్ (ఇజ్రాయెల్‌లోని హోలోకాస్ట్ స్మారక సంస్థ) పేర్ల డేటాబేస్, నాజీ బాధితుల కాగితాలు దాచిన జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్ చూడండి. రెండూ ఉచితమే. యాద్ వాషెమ్ సాక్ష్యపత్రాలు చాలావరకు బంధువులో తెలిసినవాళ్లో తర్వాతి కాలంలో నింపినవి. ఎవరు నింపారు, ఎప్పుడు, చనిపోయినవారికి ఏమవుతారు అన్నది చూడకుండా వాడొద్దు. అన్న ఒకటి, మేనకోడలు ఒకటి నింపితే ఒకే మనిషి ఇద్దరిలా కనబడతాడు. ఆరోల్సెన్‌లో నాజీ నిర్బంధ శిబిరాల (క్యాంపుల) ఖైదీల కార్డులుంటాయి. పొడి అక్షరాలు అర్థం కాకపోతే వాళ్ల ఈ-గైడ్‌లో అదే రకం కార్డు తెరవండి, ఏ గడిలో ఏముందో చెబుతుంది.

అసలు బోల్తా పడేది ఇక్కడ: పోలండ్‌లో నాజీలు నడిపిన ఆష్విట్జ్ క్యాంపు రిజిస్టర్లో పేరు లేదు కాబట్టి ఆ మనిషిని అక్కడికి తేలేదని రాసేస్తారు. తెచ్చిన సుమారు 13 లక్షల మందిలో నమోదైంది 4 లక్షల మందే. రైలు దిగగానే గ్యాస్ చాంబర్లకు పంపినవాళ్లకు నంబరే ఇవ్వలేదు. కాబట్టి బయల్దేరిన ఊళ్లో తయారైన రవాణా జాబితా (రైలెక్కించినవాళ్ల పేర్లు) వెతకాలి. జర్మన్ కాగితాల్లో "ప్రత్యేక చర్య" అని కనబడితే దాన్ని మామూలు ఆఫీసు మాట అనుకోవద్దు; చాలాచోట్ల దానర్థం చంపడమే.

బతికి బయటపడ్డవాళ్ల సాక్ష్యాలకు అమెరికాలోని యూఎస్‌సీ షోవా ఫౌండేషన్‌లో 50 వేలకు పైగా వీడియోలున్నాయి. ఇంటి నుంచి ఖాతా తెరిస్తే కొన్ని వేలే వస్తాయి. వాటికంటే ముందు 1946లో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ బోడర్ శరణార్థి శిబిరాల్లో రికార్డు చేసిన ఇంటర్వ్యూలు వినడం మంచిది. యుద్ధం ముగిసిన మరుసటేడు చెప్పిన మాటలవి. వింటూ మూడు గడులు నింపండి: ఎన్నో నిమిషం, ఏం చెప్పారు, కళ్లారా చూశారా విన్నారా. తేదీ తప్పిందని సాక్ష్యాన్ని కొట్టేయకండి, క్యాంపులో క్యాలెండరెక్కడిది? తేదీని రవాణా జాబితా నుంచి తీసుకోండి. రైలు పెట్టెలో నీళ్లు దొరికాయా, ఎవర్ని ఎటు విడదీశారు లాంటివి సాక్ష్యమే చెప్పాలి. రెండూ పొసగకపోతే రెండూ రాయండి.

మన దేశం కోణం కావాలంటే నేషనల్ ఆర్కైవ్స్ వారి వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో "జ్యూయిష్ రెఫ్యూజీస్", "ఎనిమీ ఏలియన్స్" అని ఇంగ్లీషులో వెతకండి. 1939లో యుద్ధం మొదలవగానే, నాజీల నుంచి పారిపోయి వచ్చిన యూదుల్లో కొందర్నీ బ్రిటిష్ వాళ్లు శత్రుదేశస్థుల కింద నిర్బంధించారు. శాఖ, ఫైలు నంబరు, సంవత్సరం అప్పటికప్పుడే రాసుకోండి. పేజీ స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే ఆ ఫైలు మళ్లీ దొరకదు.