యాంబియంట్ సంగీతం: వినడం నుంచి చేయడం దాకా

ముందు ఇంగ్లిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1970ల చివర్లో తెచ్చిన ఆల్బమ్ 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' వినండి, అదీ చిన్న సౌండ్‌లో, వంట చేస్తూనో ఏదైనా రాసుకుంటూనో, ఎందుకంటే యాంబియంట్ సంగీతం చెవులు రిక్కించి వినాల్సింది కాదు, గదిలో వెలుతురులా ఉండిపోయే సంగీతం. నచ్చిందా? అయితే ఫోన్‌లో బ్లూమ్ యాప్ వేసుకోండి, ఈనో, సాఫ్ట్‌వేర్ కూడా చేసే సంగీతకారుడు పీటర్ చిల్వర్స్ కలిసి 2008లో చేసింది. తెరమీద వేలు తాకిస్తే ఒక స్వరం రంగు చుక్కగా విచ్చుకుంటుంది, కాసేపటికి మళ్లీ వచ్చి మెల్లగా మాసిపోతుంది. ఐదారు స్వరాలయ్యాక ఆగండి, ఎక్కువ నొక్కితే గోలైపోతుంది.

సొంతంగా చేయాలంటే, శబ్దాలు రికార్డు చేసి కలిపే యాప్ బ్యాండ్‌ల్యాబ్ ఉచితమే. నేనైతే తంబురా శ్రుతి ఒక ట్రాక్‌లో పెట్టి, దానిమీద 7, 11, 13 సెకన్ల లూపులు, అంటే అదే పనిగా తిరిగి మోగే ముక్కలు, మూడు వేస్తాను. పొడవులు కలవవు కాబట్టి 1001 సెకన్ల (7 × 11 × 13) దాకా, అంటే పదహారు నిమిషాలకు పైనే, అదే కలయిక తిరిగి రాదు! రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు వచ్చే గుంజారవం) బాగా పెంచండి, డ్రమ్స్ జోలికి మాత్రం పోవద్దు.