పాత ఔట్‌బోర్డ్ మోటారు బాగుచేసుకుందాం – 4వ పాఠం: కదలని స్క్రూ

ఈసారి పడవ వెనక తగిలించే ఈ ఔట్‌బోర్డ్ మోటారులో నీళ్ల పంపు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) మార్చడం నేర్చుకోవాలి. అది తర్వాతి పాఠంలో. గేరు ఆయిలు మార్చమన్న పాపానికి సగం మంది స్క్రూ గాడి అరగదీసుకుని కూర్చున్నారు. ముందు అది తేలాలి.

1950లు, 60ల జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లున్నవాళ్లకు ఒక మాట. ఆ కాలపు చాలా మోడళ్లలో ఆయిలు దింపే స్క్రూకి అడ్డగీత గాడి ఉంటుంది. దాని పక్కనే ప్లస్ గాడి స్క్రూ ఇంకొకటి కనిపిస్తుంది. అది ఆయిలు కోసం కాదు, లోపల గేరు మార్చే మీటకి ఇరుసు. తీస్తే మీట స్థానం తప్పుతుంది, గేర్‌కేస్ (గేర్లుండే కింది పెట్టె) విప్పక తప్పదు. దాని జోలికి పోకండి.

ఇక అసలు స్క్రూ. ఉప్పునీళ్లలో తిరిగిన మోటారులో స్టెయిన్‌లెస్ స్క్రూ చుట్టూ ఉన్న అల్యూమినియం తినేసుకుపోయి తెల్లపొడిగా మారుతుంది. ఆ పొడికి లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి, అందుకే స్క్రూ మరల (థ్రెడ్ల) మధ్య ఇరుక్కుని బిగదీస్తుంది.

నన్ను విసిగించేది స్క్రూడ్రైవర్ విషయం. చేతికందింది పెట్టి తిప్పడమే! మామూలు స్క్రూడ్రైవర్ మొన చివరికి సన్నబడుతుంది కాబట్టి గాడి అడుగున ఆనదు, పై అంచుల మీదే బలం పడుతుంది. అంచు విరిగాక ఇంకా పెద్ద స్క్రూడ్రైవర్ తెస్తారు. మొన వెడల్పు స్క్రూ తలంత ఉండాలి, మందం గాడిలో వదులు లేకుండా సరిపోవాలి. సరిపోకపోతే గ్రైండర్ మీద అరగదీసి సరిపెట్టుకోండి. గాడిలో పెయింటు, ఉప్పు ఉంటే సూదితో గీకేయండి. మొన నిటారుగా నిలిచిందా లేదా చూడకుండా చెయ్యి తిప్పొద్దు. యమహా, సుజుకి ప్లస్ స్క్రూలకి జపాన్ కొలత బిట్ కావాలి, మామూలు ఫిలిప్స్ బిట్ జారి పైకి లేస్తుంది.

మొన కుదిరాక నూనె. నేను ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసే ఆయిలు), ఎసిటోన్ సగం సగం వాడతాను. రెండూ సరిగా కలవవు, ప్రతిసారీ సీసా కుదపాలి. ఎసిటోన్ పెయింటుని తినేస్తుంది, నిప్పు అంటుకుంటుంది కూడా. రాత్రంతా నాననిచ్చి, పొద్దున పంచ్ పెట్టి స్క్రూ తల మీద సుత్తితో నిటారుగా చిన్న దెబ్బలు వేయండి. గేర్‌కేస్ కింద చెక్క దిమ్మ ఉండాలి.

అప్పటికీ కదలకపోతే వేడి. పెట్రోలు ట్యాంకు దూరంగా పెట్టి, నూనె తుడిచేశాక, స్క్రూని కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని హీట్ గన్‌తో వేడిచేయండి. 100 డిగ్రీల వేడికి మీటరు అల్యూమినియం 2.3 మి.మీ. సాగుతుంది, అంతే పొడవు స్టెయిన్‌లెస్ సుమారు 1.7. ఆ తేడాయే పట్టు వదిలిస్తుంది. నీటిచుక్క చుర్రుమంటే చాలు, అంతకుమించితే ఆయిలు సీళ్లు పోతాయి. బ్లోటార్చ్ నాకిష్టం లేదు. అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల లోపే నేరుగా కరిగిపోతుంది.

ఆఖరున సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్. ముందు బిగించే వైపు కొంచెం కదిపి, తర్వాత విప్పే వైపు. ఈజీ-అవుట్ (స్క్రూలో రంధ్రం వేసి, అందులో దించి తిప్పి లాగే పనిముట్టు) మాత్రం వాడొద్దు. అది లోపల విరిగితే డ్రిల్లు కూడా దిగదు.

అభ్యాసం: పాత అల్యూమినియం ముక్కకి లేత్ షాపులో ఎం6 (6 మి.మీ.) థ్రెడ్ల రంధ్రాలు నాలుగు వేయించి స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించండి. రోజూ ఉప్పునీళ్లలో ముంచి ఆరబెడుతూ నెల ఆగండి. తర్వాత నాలుగూ తీయండి. ఒక్క గాడి అంచు చెదిరినా కొత్త స్క్రూలతో మళ్లీ మొదటినుంచి.